మోకాలి నొప్పి, విశ్రాంతి, నడక: గాయపడిన శరీరానికి ఎంత కదలిక అవసరం?

మోకాలి నొప్పితో ఎక్స్‌రే తీయించుకున్న చాలామంది ఇంటికి తెచ్చుకునే సలహా దాదాపు ఒకేలా ఉంటుంది: గుజ్జు అరిగిపోయింది, ఎక్కువగా నడవవద్దు, మెట్లు ఎక్కవద్దు, కింద కూర్చోవద్దు. ఈ మాటల్లో ప్రతిదానికీ ఏదో ఒక సందర్భంలో న్యాయం ఉంది. వాపు వచ్చి కాలు కింద పెట్టలేని వారంలో మెట్లు తగ్గించుకోవడం సబబే. చిక్కల్లా ఈ నిషేధాలకు గడువు లేకపోవడంలో ఉంది; మానేసిన నడకకు బదులుగా ఏం చేయాలో చెప్పేవారూ తక్కువే. వారం రోజులు పాటించవలసిన జాగ్రత్త ఏళ్ల తరబడి అలవాటైపోతుంది. దెబ్బతిన్న భాగానికి కొంతకాలం ఇవ్వవలసిన విశ్రాంతిని మనిషికంతటికీ శాశ్వతంగా వర్తింపజేయడం వల్ల జరిగే నష్టం అనేక సందర్భాల్లో మొదటి గాయం చేసిన నష్టాన్ని మించిపోతుంది.

ఈ సలహా వెనుక కీలు గురించిన ఒక ఊహ ఉంది. బండి ఇరుసు తిరిగినకొద్దీ అరుగుతుంది కాబట్టి మోకాలు కూడా నడిచినకొద్దీ అరుగుతుందని, మిగిలిన దాన్ని పొదుపుగా వాడుకోవాలని జనం నమ్ముతారు. కానీ మోకాలిలోని మృదులాస్థి, అంటే వాడుకలో గుజ్జు అనేది, ప్రాణమున్న కణజాలం. దానికి సొంత రక్తనాళాలు లేవు. అడుగు మోపినప్పుడు కీలుపై బరువు పడి మృదులాస్థిలోని ద్రవం బయటికి వస్తుంది, అడుగు ఎత్తినప్పుడు కీలు ద్రవం మళ్లీ లోపలికి చేరుతుంది. పోషకాలు అందేది ప్రధానంగా ఈ రాకపోకల వల్లనే. బరువు అసలే పడని కాలిలో, ఉదాహరణకు నెలల తరబడి కదలని కాలిలో, మృదులాస్థి పలచబడుతుంది. మితిమీరిన భారం, పాత గాయం, స్థూలకాయం, వంశపారంపర్యం కీలును దెబ్బతీస్తాయన్నది నిజం. అయితే మితమైన నడక ఆ జాబితాలోకి రాదు.

పడక విశ్రాంతి శరీరాన్ని ఎంత వేగంగా కుంగదీస్తుందో చూపిన అధ్యయనం ఒకటి 1966లో అమెరికాలోని డాలస్ నగరంలో జరిగింది. ఇరవయ్యేళ్ల ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకులను మూడు వారాల పాటు మంచానికే పరిమితం చేశారు. లేచేసరికి వారి శరీరం శ్రమలో ఆక్సిజన్‌ను వినియోగించుకునే గరిష్ఠ సామర్థ్యం నాలుగో వంతుకు పైగా తగ్గిపోయింది. 30 ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షించినప్పుడు, యాభయ్యో ఏట వారి సామర్థ్యం ఇరవయ్యో ఏట ఆ మూడు వారాల పడక తర్వాత ఉన్నదాని కన్నా తక్కువగా లేదని తేలింది. అంటే ముప్ఫై ఏళ్ల వయసు చేయని పని మూడు వారాల పడక చేసింది. పాల్గొన్నవారు ఐదుగురే అయినా, పడకకు పరిమితమైన రోగుల్లో వైద్యులు నిత్యం చూసే క్షీణతకు ఈ ఫలితం సరిగ్గా సరిపోతుంది.

నడుము నొప్పి విషయంలోనూ ఇలాంటి మలుపే వచ్చింది. ఒకప్పుడు నడుము పట్టేస్తే గట్టి చెక్క మీద వారాల తరబడి పడుకోబెట్టడం ప్రపంచమంతటా ఉన్న వైద్యమే. 1995లో ఫిన్‌లాండ్ వైద్యులు ప్రచురించిన పరిశోధనలో, అప్పుడే నడుము నొప్పి మొదలైన వారిని మూడు బృందాలుగా విభజించి, ఒక బృందాన్ని రెండు రోజులు పడుకోమన్నారు, రెండో బృందానికి నడుము వ్యాయామాలు నేర్పారు, మూడో బృందాన్ని మాత్రం నొప్పి ఓర్చుకోగలిగినంత వరకు రోజువారీ పనులు చేసుకుంటూ ఉండమన్నారు. అందరికన్నా త్వరగా కోలుకున్నది మూడో బృందమే. ఇక్కడ గమనించవలసింది, నొప్పి తాజాగా ఉన్న ఆ రోజుల్లో ప్రత్యేక వ్యాయామం కూడా మామూలు కదలికను మించలేకపోయింది. కదలిక మంచిదన్న మాటకు వెంటనే బరువులెత్తాలని అర్థం చెప్పుకోకూడదనడానికి కూడా ఇదే సాక్ష్యం.

మోకాలి నొప్పితో నడక మానేసినప్పుడు మొదట బలహీనపడేది తొడ ముందు భాగంలోని పెద్ద కండరం. అడుగు వేసిన ప్రతిసారీ కీలుపై పడే కుదుపును భరించేది, మోకాలిని నిలకడగా ఉంచేది అదే. అది సన్నబడితే అదే నడక కీలుకు మరింత భారమవుతుంది, నొప్పి పెరుగుతుంది, నడక ఇంకా తగ్గుతుంది. దీనికి మధుమేహం తోడైతే పరిస్థితి మరింత బిగుసుకుంటుంది. రక్తంలోని చక్కెరను అధికంగా వాడుకునేవి కండరాలే కాబట్టి, నడక ఆపిన వ్యక్తికి చక్కెర అదుపు తప్పుతుంది, బరువు పెరుగుతుంది. స్థూలకాయులైన మోకాలి రోగులపై జరిగిన కొలతల్లో, శరీరం ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలిపై పడే భారం సుమారు నాలుగు కిలోల మేర తగ్గుతుందని తేలింది. బరువు పెరిగినప్పుడు ఇదే లెక్క ఎదురు తిరుగుతుందని ఊహించడం కష్టం కాదు. తెలుగు నేల మీద యాభై దాటిన ఎన్నో ఇళ్లలో షుగరు మాత్రలు, బీపీ మాత్రలు, మోకాలి నొప్పి మాత్రలు ఒకే డబ్బాలో కనిపించడం యాదృచ్ఛికం కాదు. నొప్పి మాత్రలను ఏళ్ల తరబడి సొంతంగా వాడితే మూత్రపిండాలకు, జీర్ణాశయానికి కలిగే హాని అదనం.

అయితే వ్యాయామంతో మోకాళ్లు కొత్తవవుతాయని చెప్పడం కూడా మోసమే. పోయిన మృదులాస్థిని వ్యాయామం తిరిగి పెంచదు. నొప్పి తగ్గడంలో, పని సామర్థ్యం పెరగడంలో దాని ప్రభావం మధ్యస్థంగానే ఉంటుంది, అదీ కొన్ని వారాలు పట్టుదలగా చేస్తేనే కనిపిస్తుంది, ఆపేస్తే తగ్గిపోతుంది. అయినా బ్రిటన్‌లోని జాతీయ వైద్య ప్రమాణాల సంస్థ 2022లో కీళ్ల అరుగుదలపై ఇచ్చిన మార్గదర్శకాలు, రోగులందరికీ అవసరానికి తగిన చికిత్సా వ్యాయామాన్ని సూచించాలని చెప్పాయి. మొదట్లో నొప్పి కాస్త పెరగవచ్చని, క్రమం తప్పకుండా చేస్తే కాలక్రమంలో మేలు చేస్తుందని రోగికి ముందే వివరించమన్నాయి. ఈ రెండో మాట చాలా విలువైనది. తొలి వారంలో పెరిగే నొప్పిని చూసి, కీలు మరింత పాడవుతోందని భయపడి మానేసేవారే ఎక్కువ. ఎక్స్‌రేలో కనిపించే మార్పులకూ నొప్పికీ పొంతన బలహీనమే. చిత్రం బాగా చెడ్డగా ఉన్నా హాయిగా పొలం పనికి వెళ్లేవారు ఉన్నారు, చిత్రంలో పెద్దగా ఏమీ లేకపోయినా కుంటుతూ నడిచేవారూ ఉన్నారు. అందుకే చిత్రాన్ని చూపించి భయపెట్టే అలవాటు వైద్యరంగం నుంచి తొలగవలసి ఉంది.

ఎంత నొప్పి వరకు ఓర్చుకోవచ్చన్నది ఆచరణలో అందరికీ ఎదురయ్యే ప్రశ్న. ఫిజియోథెరపిస్టులు విస్తృతంగా వాడే పద్ధతిలో నొప్పిని సున్నా నుంచి పది వరకు కొలుస్తారు. వ్యాయామ సమయంలో రెండు వరకు ఉంటే నిశ్చింతగా కొనసాగించవచ్చు, ఐదు వరకు ఉన్నా ఫరవాలేదు, అది దాటితే భారం తగ్గించాలి. అంతకన్నా ముఖ్యమైన పరీక్ష మర్నాడు ఉదయం జరుగుతుంది. రాత్రికి రాత్రి నొప్పి మామూలు స్థాయికి దిగివస్తే నిన్నటి మోతాదు సరిపోయినట్టు; కీలు వాచినా, నొప్పి ముందురోజు కన్నా పెరిగి నిలిచినా మోతాదు ఎక్కువైనట్టు. అప్పుడు చేయవలసింది వ్యాయామాన్ని పూర్తిగా మానడం కాదు, సగానికి తగ్గించి మళ్లీ చూడడం. నొప్పి లేని రోజున ఉత్సాహంతో నాలుగు రోజుల పని ఒకేసారి చేసి, తర్వాత వారమంతా మంచం పట్టే తీరు ఈ కొలతకు పూర్తిగా విరుద్ధం. బాగున్న రోజైనా, బాగాలేని రోజైనా దాదాపు ఒకే మోతాదులో కదిలి, వారం వారం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడంలోనే ప్రయోజనం ఉంది.

మొదలుపెట్టడానికి పరికరాలేమీ అక్కరలేదు. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని దాన్ని నేలకు నొక్కుతూ తొడ కండరాన్ని ఐదు సెకన్లు బిగించి వదలడం, పడుకుని మోకాలు వంచకుండా కాలును అడుగు ఎత్తు లేపి దించడం, కాస్త ఎత్తైన కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి నెమ్మదిగా కూర్చోవడం తొలి మెట్టు. కుర్చీ ఎత్తు తగ్గించుకుంటూ వెళ్తే అదే వ్యాయామం క్రమంగా కష్టమవుతుంది. తుంటి పక్క కండరాలను వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. ఒంటికాలి మీద నిలబడినప్పుడు మోకాలు లోపలికి వంగకుండా కాపాడేవి అవే. నడక భరించలేని వారికి కదలకుండా నిలిచే సైకిల్, ఛాతీ లోతు నీటిలో నడక ఉపయోగపడతాయి. నీరు శరీర బరువులో ఎక్కువ భాగాన్ని మోస్తుంది కాబట్టి కీలుకు భారం తగ్గి కండరానికి పని మిగులుతుంది.

మెట్ల విషయంలో ఎక్కడానికీ దిగడానికీ తేడా గుర్తించాలి. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ శరీర బరువును అదిమిపట్టవలసి ఉంటుంది, మోకాలి చిప్ప వెనుక ఒత్తిడి ఎక్కువగా పడుతుంది. అలిపిరి నుంచి తిరుమలకు 3550 మెట్లు ఎక్కిన భక్తుల్లో చాలామంది దర్శనం చేసుకుని బస్సులో దిగిపోతారు. మోకాళ్ల దృష్టితో చూస్తే ఆ ఆనవాయితీ చాలా తెలివైనది. మెట్లకు అలవాటు పడదలచిన మోకాలి రోగి అరడుగు ఎత్తు పీట మీదికి ఒక్కో కాలితో ఎక్కడంతో మొదలుపెట్టి, దిగడాన్ని తర్వాత సాధన చేయడం మేలు. చేతికర్ర పట్టుకునే తీరులోనూ పొరపాటు తరచుగా జరుగుతుంది. నొప్పి ఉన్న కాలి వైపు చేతితోనే కర్ర పట్టుకోవడం సహజంగా తోచినా, భారం తగ్గించేది ఎదుటి వైపు చేతిలోని కర్రే. కుడి మోకాలు నొప్పిగా ఉంటే కర్ర ఎడమ చేతిలో ఉండాలి, నిటారుగా నిలబడినప్పుడు దాని పిడి మణికట్టు ఎత్తుకు రావాలి. కర్ర పట్టడాన్ని ముసలితనానికి గుర్తుగా భావించి వెనుకాడేవారు, కర్రతో రెండు కిలోమీటర్లు నడవగలిగిన చోట కర్ర లేకుండా ఇంట్లోనే ఆగిపోతున్నారు.

ఇంటి పని, పొలం పని చేస్తున్నాం కదా, వేరే వ్యాయామం ఎందుకన్న ప్రశ్నను తేలికగా కొట్టిపారేయకూడదు. గుండెకు, చక్కెర అదుపునకు ఆ శ్రమ నిజంగానే తోడ్పడుతుంది. కానీ వంగి నాట్లు వేయడం, గొంతుక్కూర్చుని గిన్నెలు తోమడం వంటి పనులు అవే కీళ్లను అదే భంగిమలో గంటల తరబడి ఒత్తుతాయి. విరామమూ, మోతాదూ చేసేవారి చేతుల్లో ఉండవు. రోజంతా శ్రమించే స్త్రీల్లో కూడా తొడ కండరం బలహీనంగా ఉండడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. వారికి కావలసింది రోజుకు పది నిమిషాల నిర్దిష్టమైన బల సాధన, వాటితో పాటు ఎత్తైన వంటగట్టు, పీటకు బదులు కుర్చీ, మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి ఒక కడ్డీ. ఆ పది నిమిషాలు దొరకాలంటే ఇంట్లో మిగిలినవారు పని పంచుకోవాలి. ఈ అంశం వైద్య వ్యాసాల్లో అరుదుగా కనిపిస్తుంది గాని, ఫలితాన్ని నిర్ణయించేది చాలాసార్లు ఇదే.

తాజా గాయాల సంగతి వేరు. విశ్రాంతి, ఐసు, బిగుతు కట్టు, కాలు ఎత్తి ఉంచడం అనే నాలుగు సూత్రాలను 1978లో అమెరికన్ క్రీడా వైద్యుడు గేబ్ మిర్కిన్ ప్రచారంలోకి తెచ్చారు. తర్వాతి కాలంలో ఆయనే, పూర్తి విశ్రాంతీ, ఐసూ గాయం మానే ప్రక్రియను ఆలస్యం చేయవచ్చని తన అభిప్రాయాన్ని సవరించుకున్నారు. ఇప్పటి క్రీడా వైద్యం మొదటి రెండు మూడు రోజులు గాయాన్ని కాపాడి, ఆ తర్వాత నొప్పి అనుమతించిన మేరకు క్రమంగా బరువు మోపమంటుంది. చీలమండ బెణికినవారికి ఒంటికాలి మీద నిలబడే సమతుల్య సాధన నేర్పితే మళ్లీ బెణికే అవకాశం తగ్గుతుంది. విరిగిన ఎముకకు మాత్రం వైద్యుడు చెప్పిన గడువు వరకు కదలకుండా ఉంచడం తప్పనిసరి. అయినా చెయ్యి విరిగితే కట్టు కట్టేది ఆ ఒక్క చేతికి మాత్రమే. మిగిలిన మూడు అవయవాలు, గుండె, ఊపిరితిత్తులు పని చేయడానికి అడ్డేమీ లేదు. పైగా ఒక చేతికి బల సాధన చేయిస్తే సాధన లేని రెండో చేతిలో కూడా కొంత బలం పెరుగుతుందని 1894లోనే యేల్ విశ్వవిద్యాలయ ప్రయోగాలు చూపాయి; కండరాన్ని నడిపించే నాడీ వ్యవస్థ రెండు వైపులకూ ఉమ్మడిది కావడమే దానికి కారణం.

కదలికను వెంటనే ఆపి వైద్యుణ్ణి చూడవలసిన సందర్భాలు కూడా స్పష్టంగా తెలియాలి. జ్వరంతో పాటు కీలు ఎర్రబడి వేడిగా వాచడం, మోకాలు మధ్యలో బిగుసుకుపోయి చాపలేకపోవడం, ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టడం, నడుము నొప్పితో పాటు మూత్రం పట్టు తప్పడం లేదా కాళ్ల మధ్య స్పర్శ పోవడం, శ్రమలో ఛాతీ పట్టేయడం అలాంటివి. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు నడక ముందు, తర్వాత అరికాళ్లు చూసుకోవాలి. వారికి పుండు పడినా నొప్పి తెలియదు. వారు గుడి ప్రదక్షిణలు ఎండలో చెప్పుల్లేకుండా చేయడం ప్రమాదం.

నయం కాని పరిమితితో జీవించేవారి విషయంలో వైద్యం దృక్పథం మారడానికి ఒక వ్యక్తి కృషి ప్రధాన కారణం. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వెన్నుపాము తెగినవారు కదలకుండా పడుకోవడం వల్ల పడే ఒరుపు పుండ్లతో, మూత్రనాళాల ఇన్‌ఫెక్షన్లతో ఎక్కువ కాలం బతికేవారు కారు. జర్మనీ నుంచి శరణార్థిగా వెళ్లిన నాడీ వైద్యుడు లుడ్విగ్ గట్‌మన్ 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము విభాగాన్ని ప్రారంభించి, రోగులను క్రమం తప్పకుండా పక్కలు మార్చి పడుకోబెట్టడంతో పాటు క్రీడలను చికిత్సలో భాగం చేశారు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజునే, అక్కడ 16 మంది వీల్‌చైర్లలో కూర్చుని విలువిద్యలో పోటీపడ్డారు. నేటి పారాలింపిక్స్ మూలం అదే. పతకాల కథలు అందరికీ తెలుసు గాని, ఆ క్రీడల మొదటి ఉద్దేశం చేతులు, భుజాలు, నడుము పైభాగం బలపడి రోగి తనంతట తాను మంచం మీంచి కుర్చీలోకి మారగలగడమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన శారీరక శ్రమ మార్గదర్శకాల్లో మొదటిసారిగా వైకల్యంతో జీవించేవారి గురించి విడిగా చెప్పింది. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, కనీసం రెండు రోజులు కండర బల సాధన అనే ప్రమాణమే వారికీ వర్తిస్తుందని, అంత చేయలేకపోయినా కొంత చేయడం ఏమీ చేయకపోవడం కన్నా మేలని తెలిపింది. వెన్నుపాము గాయం ఉన్నవారి కోసం 2018లో ప్రచురితమైన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇంకా చిన్న సంఖ్యతో మొదలవుతాయి: వారానికి రెండుసార్లు, ఒక్కోసారి కనీసం 20 నిమిషాల మధ్యస్థ నుంచి తీవ్ర శ్రమ, దానితో పాటు రెండుసార్లు బల సాధన. పరిమితి ఉన్న శరీరానికి చిన్న మోతాదు కూడా కొలవదగిన ఫలితమిస్తుందన్న ఈ అవగాహన, రోజుకు పదివేల అడుగులు వేయలేకపోతే వేసినవన్నీ వృథా అనుకునేవారికి ఎంతో ఊరట. వీల్‌చైర్ వాడేవారికి రెండు జాగ్రత్తలు అవసరం. చక్రాలు తోసే భుజాల ముందు కండరాలు అతిగా వాడకంలో ఉంటాయి కాబట్టి వీపు పైభాగాన్ని బలపరిచే, వెనక్కు లాగే వ్యాయామాలు చేయాలి. వెన్నుపాము ఛాతీ పైభాగంలో తెగినవారికి గాయానికి దిగువన చెమట సరిగా పట్టదు. ఏప్రిల్, మే నెలల్లో రామగుండం, రెంటచింతల వంటి చోట్ల వారు తెల్లవారుజామునే, తడిగుడ్డ, నీళ్లు దగ్గర పెట్టుకుని సాధన చేయాలి.

మోకాలి మార్పిడి చేయించుకున్నవారికి ఇప్పుడు శస్త్రచికిత్స రోజునే లేదా మర్నాడే నడక మొదలుపెట్టిస్తున్నారు. లక్షలు ఖర్చుపెట్టిన కుటుంబాలు ఆ తర్వాతి వారాల ఫిజియోథెరపీని అనవసర ఖర్చుగా భావించి మధ్యలో ఆపేయడం బాధాకరం. కొత్త కీలు బాగా అమరినా, తొలి వారాల్లో వంచి చాపే సాధన లేకపోతే మోకాలు బిగుసుకుపోతుంది; శస్త్రచికిత్సకు ముందే తొడ కండరాన్ని బలపరచుకున్నవారికి తొలి రోజుల్లో లేచి తిరగడం తేలికవుతుంది.

ఇవన్నీ ఆచరణలోకి రావాలంటే సలహా ఇచ్చే తీరు మారాలి. విశ్రాంతి తీసుకోమన్న వైద్యుణ్ణి, ఏ భాగానికి, ఎన్నాళ్లు, ఆ లోపు ఏ వ్యాయామం చేయవచ్చు, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి అని అడిగే హక్కు రోగికి ఉంది. చీటీ మీద మందుల మోతాదు రాసినట్టే కదలిక మోతాదునూ రాయడానికి అరనిమిషం చాలు. బయటి వసతుల సంగతి ఇంకా వెనకబడి ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చినా, మోటారు సైకిళ్లు రాకుండా అడ్డుగా పెట్టిన ఇనుప గొట్టాల వల్ల వీల్‌చైర్ కూడా లోపలికి వెళ్లలేని పార్కులు, మధ్యలో స్తంభాలు మొలిచిన కాలిబాటలు, కూర్చోవడానికి ఒక్క బల్ల కూడా లేని నడక దారులు మన పట్టణాల్లో మామూలే. మోకాలి నొప్పి ఉన్న మనిషి రెండు వందల మీటర్లకోసారి కూర్చోగలిగితే కిలోమీటరు నడవగలడు. కాబట్టి కొత్త నడక దారికి టెండరు పిలిచేటప్పుడే ఆ దూరానికొక బల్ల, ప్రవేశంలో వీల్‌చైర్ పట్టే వెడల్పు, మెట్లున్న ప్రతిచోటా పట్టుకునే కడ్డీ ఉండాలని మున్సిపాలిటీ షరతు పెట్టాలి.